బ్రూచ్‌ని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల ఆరేళ్లుగా స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాం. ఆదివారాలు ఇక్కడి పాత సామాన్ల సంతలకు వెళ్లడం అలవాటైంది. వాటిని ఇక్కడ లొప్పిస్ అంటారు. అలా ఒక్కొక్కటే కొంటూ పదకొండు పాత వెండి బ్రూచ్‌లు, అంటే బట్టలకు గుచ్చుకునే పిన్ను నగలు, పోగుచేశాను. మొన్న ఊరొచ్చినప్పుడు మా అత్తయ్యగారు వాటిలో ఒకటి తీసుకెళ్లి తెలిసిన వెండి షాపులో చూపించారు. దాని మీద ‘830 ఎస్’ అని ఉంది. షాపాయన గీటురాయి మీద గీసి చూసి, “ఇది మేలిమి కాదు, కరిగించి కుంకుమ భరిణె చేయించుకోండి. లేదంటే నలుపంతా పోయేలా మెరుగు పెట్టిస్తాం” అన్నారట. నాకు మనసొప్పక వెనక్కి తెచ్చేసుకున్నాను. నేను మోసపోయానా? ఇంకో బ్రూచ్ వెనక మూడు కిరీటాలు, ‘ఎస్’, ‘ఎమ్ 9’ అని ఉన్నాయి. నార్వేలో చేసిన ఎర్ర ఎనామిల్ ఆకు బ్రూచ్ కూడా ఒకటుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకాయన, డెన్మార్క్‌లో పేరున్న జార్జ్ జెన్సన్ సంస్థ చేసిన లేడిపిల్ల బొమ్మ బ్రూచ్‌ని, 1930ల నాటిదని చెప్పి, సగం ధరకే ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? అసలు ఈ సేకరణ కొనసాగించమంటారా, మానుకోమంటారా?

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట. కరిగించనివ్వకుండా వెనక్కి తెచ్చుకున్నారు చూడండి, అది చాలా మంచి పని. మీరు మోసపోలేదు. అలాగని ఆ షాపాయన అబద్ధమూ చెప్పలేదు. ఆయన వెండి పాళ్లు చూశాడు, అంతే. ఆ వస్తువులో చూడాల్సింది ఇంకా చాలా ఉంది.

ఈ 830 సంగతి మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం తేలికే. మచ్చలేనిదాన్ని, నిఖార్సైనదాన్ని మనం పదహారణాలది అంటాం కదా. ఉత్తర యూరప్‌లో వెండి లెక్క కూడా పాతకాలంలో పదహారుతోనే నడిచింది. అక్కడ అణా బదులు ‘లోడ్’ అనేవారు. పదహారు లోడ్లంటే మేలిమి వెండి. పదమూడు లోడ్లంటే పదహారు పాళ్లలో పదమూడు వెండి, మిగతా మూడు పాళ్లూ ఎక్కువగా రాగి. పదమూడుని పదహారుతో భాగించి చూడండి, 0.8125 వస్తుంది. ఫిన్లాండ్ నగల మీద కనిపించే ‘813 హెచ్’ అదే. హెచ్ అంటే హోపెయా, ఫిన్నిష్‌లో వెండి. పదమూడుంపావు లోడ్లయితే 828 దాకా వస్తుంది. దాన్నే సరిచేసి 830 అన్నారు. పక్కన ఉన్న ఎస్ వెండికి గుర్తు. అంటే మీ బ్రూచ్ పదమూడుంపావు అణాల వెండి. స్టెర్లింగ్ అని పేరుపడ్డ 925 వెండి అయినా పదిహేను అణాలకు కాస్త తక్కువే.

కాబట్టి 830 కల్తీ కాదు. ఆ దేశాల్లో తరాల తరబడి చట్టబద్ధంగా నడిచిన వెండి. రాగి కాస్త ఎక్కువ కాబట్టి గట్టిగా ఉంటుంది, పిన్ను తొందరగా వంగదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోపెన్‌హాగన్‌లో 1904లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న జార్జ్ జెన్సన్ తొలినాళ్ల పనిమీద ఉన్నది 826, 830 ముద్రలే. ఇవాళ వేలంలో జనం పోటీపడేది ఆ కాలం వస్తువుల కోసమే. వాటిని గీటురాయి మీద గీస్తే వచ్చే తీర్పు కూడా ఇదే, ‘మేలిమి కాదు’.

మనకు వెండి అంటే తూకం. తులం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత అని చూసే అలవాటు మన రక్తంలో ఉంది. అది తప్పని నేను అనను, కష్టకాలంలో ఇంటిని గట్టెక్కించింది ఆ లెక్కే. కానీ జెన్సన్ శిల్పకళ చదువుకున్న మనిషి. ఆయనకు వెండి అంటే మట్టిలా మలిచే వస్తువు. రాళ్లు కూడా ఖరీదైనవి పెట్టలేదు. అంబర్, మూన్‌స్టోన్, ఆకుపచ్చ అగేట్ లాంటివి పెట్టి, విలువంతా చేతిపనిలో చూపించాడు. డెన్మార్క్‌లో 1900 తర్వాత పాతికేళ్లు నడిచిన ఆ ధోరణిని స్కోన్‌విర్కే అంటారు. ఉబ్బెత్తు ఆకులు, మొగ్గలు, సుత్తి దెబ్బల ఆనవాళ్లు కనిపించే ఉపరితలం. అలాంటి నగను కరిగించి భరిణె చేయించుకుంటే మిగిలేది ఓ పదిహేను గ్రాముల వెండి మాత్రమే.

ఇక ఎమ్ 9 సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది ఇదే. స్వీడన్ వెండికి పుట్టిన తేదీ ఉంటుందమ్మా. మూడు కిరీటాలు మూడు రేకుల గడిలో ఉన్నాయా, చూడండి. ఉంటే అది స్వీడన్‌లోనే తయారైందని ప్రభుత్వం వేసిన ముద్ర. అక్కడివాళ్లు దాన్ని ముద్దుగా పిల్లిపాదం అంటారు. నిలువు గుడ్డు ఆకారంలో ఉంటే బయటి దేశం నుంచి దిగుమతి అయిందని అర్థం. పక్కన ఉండే అక్షరం, అంకె సంవత్సరాన్ని చెబుతాయి. 1759లో ‘ఎ’తో మొదలుపెట్టి, ఏడాదికో అక్షరం చొప్పున ఇరవై నాలుగు అక్షరాలు వాడి, అయిపోగానే అంకె మార్చి మళ్లీ మొదటికి వచ్చారు. జె, డబ్ల్యూ మాత్రం లెక్కలో లేవు. ఆ లెక్కన ఎ 8 అంటే 1927, ఎ 9 అంటే 1951, ఎ 10 అంటే 1975. ఎమ్ పన్నెండో అక్షరం కాబట్టి మీ బ్రూచ్ 1962లో ముద్ర పడ్డది. ఫిన్లాండ్‌లోనూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ లెక్క 1810లో మొదలైంది. అందుకే ఫిన్నిష్ నగ మీద ఆర్ 7 ఉంటే అది 1970. రెండు దేశాల పట్టికలు కలిపేసుకుని తికమకపడకండి, కొత్తలో అందరికీ జరిగేదే.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, నగల పనివాళ్లు కంటికి పెట్టుకునేది. మీరు కొనబోయే పన్నెండో బ్రూచ్ కంటే ముందు అది కొనండి. సంతలో ఏది చేతికొచ్చినా ముందువైపు కాదు, వెనకవైపు ముందు చూడండి. పిన్ను ఎలా అతికారు, టంకం మరక తర్వాత ఎవరో పెట్టినట్టుందా, కొక్కెం ఉత్త వంపేనా లేక తిప్పి బిగించే తాళం ఉందా, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఉత్త వంపు కొక్కెం సాధారణంగా పాతకాలపుది. ‘నీసిల్వర్’, ‘అల్పాకా’ అని రాసి ఉంటే మాత్రం మోజుపడకండి. నీసిల్వర్ అంటే ‘కొత్త వెండి’ అని అర్థమే కానీ అందులో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. ‘టెన్’ అని ఉంటే తగరం.

మెరుగు విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ బాధ నేను పడ్డాను. కోపెన్‌హాగన్‌లో ఉన్న రోజుల్లో, మూన్‌స్టోన్ పొదిగిన ఒక పాత స్కోన్‌విర్కే బ్రూచ్ కొన్నాను. ద్రాక్షగుత్తి లాంటి పని. గుత్తికీ గుత్తికీ మధ్య, ఆకు ఈనెల వెంట నల్లగా ఉండేది. ఆ నలుపు వల్లే గింజలన్నీ పైకి ఉబికి కనిపించేవి. సెలవులకు ఊరొచ్చినప్పుడు అమ్మ, “ఇంత నల్లగా ఉంటే పెళ్లికి ఎలా పెట్టుకుంటావే” అంది. నేనూ సరేనని ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రానికి చక్రం మీద పెట్టి తళతళలాడించి ఇచ్చారు. పల్లాల్లో నలుపు మొత్తం పోయింది. ఈనెలు అరిగిపోయాయి. వెనక తయారుచేసినవాడి ముద్రలో మొదటి అక్షరం సగమే మిగిలింది. షాపువాళ్లు చెప్పిన పని చక్కగా చేశారు. చెప్పడం రాక నేను పోగొట్టుకున్నాను. ఆ బ్రూచ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పల్లాల్లో ఉండే ఆ నలుపు మురికి కాదమ్మా. చాలావాటికి పనివాడే గంధకం కలిసిన మందుతో కావాలని నల్లబరిచి, ఎత్తులు మాత్రం తుడిచి వదిలాడు. అందుకని విభూది, పళ్లపొడి, చింతపండు, అంగట్లో దొరికే ముంచితీసే ద్రావకం, ఏవీ వద్దు. మెత్తటి నూలుగుడ్డతో ఎత్తుగా ఉన్న చోట్ల తుడిస్తే చాలు. చెమట, క్రీము అంటితే గోరువెచ్చటి నీళ్లలో చుక్క సబ్బు వేసి కడిగి వెంటనే ఆరబెట్టండి. ముత్యాలు, అంబర్ ఉన్నవి నీళ్లలో నానబెట్టకండి. అంబర్‌కు సెంటూ స్పిరిటూ తగలనివ్వకండి, పైపొర మసకబారుతుంది. ఫిన్లాండ్‌లో లాపోనియా సంస్థకు బ్యోర్న్ వెక్‌స్ట్రోమ్ చేసిన నగలు చూశారా? ఆయన వెండిని గరుకుగా, మంచు కరుగుతున్న రాయిలా వదిలేశాడు. దాన్ని మెరిపిస్తే నగను సగం చెరిపేసినట్టే. దాచేటప్పుడు దేనికది విడిగా, గాలి చొరని చిన్న కవర్లలో పెట్టండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు దగ్గరికి రానివ్వకండి, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

నార్వే ఆకు గురించి మీరు ఎక్కువ రాయలేదు. వెనక ‘డి-ఎ’ అక్షరాలు, చిన్న త్రాసు బొమ్మ ఉంటే అది డేవిడ్-ఆండర్సన్ వాళ్లది. 1876లో ఇప్పటి ఓస్లోలో మొదలైన సంస్థ. అక్సెల్ హోల్మ్‌సెన్, హ్రోర్ ప్రిడ్జ్ లాంటివాళ్ల ఆకులూ చక్కగా ఉంటాయి. వీటిలో చూడాల్సింది ఎనామిల్. వెండి మీద మెషీన్‌తో సన్నటి గీతలు చెక్కి, దాని మీద గాజుపొడి రంగు పరిచి, కొలిమిలో కాల్చి కరిగిస్తారు. వెలుతురులో అటూ ఇటూ ఊపితే లోపలి గీతలు నీళ్ల కింద అలల్లా కదులుతాయి. ఆకు అంచు వెంట గోరు నడిపించండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ పెచ్చు లేచింది. లేచిన పెచ్చును అతకడం దాదాపు కుదరని పని, మళ్లీ కొలిమిలో పెడితే మిగతా రంగు కూడా పోయే ప్రమాదం ఉంది. పెచ్చు లేచిన ఆకు ఎంత చవగ్గా వచ్చినా నేనైతే కొనను. షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషీన్లో వేసి కడుగుతామంటే ఒప్పుకోకండి.

నార్వే అనగానే ఇంకో మాట రాయకుండా ఉండలేను. అక్కడ పండగలకు కట్టే సంప్రదాయ దుస్తుల మీద సోల్యే అనే వెండి బ్రూచ్ పెట్టుకుంటారు. చుట్టూ చిన్న చిన్న గుంట బిళ్లలు వేలాడుతూ, నడిస్తే గలగలమంటాయి. పాతకాలంలో పసిపిల్లల బట్టలకు చిన్న వెండి బ్రూచ్ గుచ్చేవారట. కొండల్లో ఉండే మాయజనం బిడ్డను ఎత్తుకుపోయి తమ బిడ్డను మార్చిపెట్టకుండా వెండి కాపాడుతుందని నమ్మకం. పురిటి బిడ్డకు వెండి మురుగులూ మొలతాడూ వేసే మనకు ఆ తల్లి భయం విడమరిచి చెప్పక్కర్లేదు. మీ అత్తయ్యగారికి ఇది చెప్పి చూడండి.

ఇప్పుడు లేడిపిల్ల. తొందరపడకండి. ఆ బ్రూచ్ గీసింది ఆర్నో మాలినోవ్‌స్కీ. చిన్న విషయం అనుకోకండి, ఈయనది డెన్మార్క్ చరిత్రలో ఒక పేజీ. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం డెన్మార్క్‌ను ఆక్రమించింది. ఆ సెప్టెంబర్ 26న రాజు పదో క్రిస్టియన్‌కు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా జార్జ్ జెన్సన్ సంస్థ, మాలినోవ్‌స్కీ గీసిన చిన్న బ్యాడ్జీ తయారుచేసింది. రాజు పేరు తొలి అక్షరాలు, కిరీటం, డేనిష్ జెండా రంగులు. ఆక్రమణలో ఉన్న దేశంలో సామాన్య జనం కోటు మీద దాన్ని పెట్టుకుని తిరిగారు. నోరు తెరవకుండానే మా పక్షం ఏదో చెప్పడం అది. రాజముద్ర అని పిలిచే ఆ బ్యాడ్జీలు ఇప్పటికీ సంతల్లో దొరుకుతుంటాయి. మీకు ఎదురైతే వదలకండి.

మళ్లీ మీ ప్రశ్నకు వస్తాను. అమ్మే ఆయన్ని వెనకవైపు ఫొటో అడగండి. దగ్గరి నుంచి, పక్కవాటు వెలుతురులో తీసింది కావాలి. జార్జ్ జెన్సన్ అన్న పేరు పూర్తిగా, చుక్కలతో చేసిన గుడ్డు ఆకారం గీత లోపల ఉందనుకోండి, ఆ ముద్ర 1945 నుంచి వాడుకలోకి వచ్చింది. కాబట్టి ఆ వస్తువు 1930లది కాదు. చదరపు గడిలో జి, జె అక్షరాలు ఉండేది అంతకుముందు, 1933 నుంచి 1944 దాకా. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఒక డిజైన్ గీసిన సంవత్సరం వేరు, మీ చేతిలోని వస్తువు తయారైన సంవత్సరం వేరు. మంచి డిజైన్లను వాళ్లు దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు. కాబట్టి అమ్మేవాడు మోసగాడే కానక్కర్లేదు, తెలియక కూడా చెప్పి ఉండొచ్చు. కానీ 1930ల ధర మాత్రం ఇవ్వకండి.

నకిలీ అయితే దానికి వేరే పోలికలుంటాయి. అసలు వస్తువు నుంచి అచ్చు తీసి పోతపోసినప్పుడు లోహం చల్లారుతూ కాస్త కుంచించుకుపోతుంది. అందుకే కొలిస్తే అసలుకంటే రవ్వంత చిన్నగా తేలుతుంది. లేడి చెవి కొస, కంటి గీత మొద్దుబారి సబ్బు అరిగినట్టు ఉంటాయి. అక్కడక్కడ సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. ముద్ర కూడా పోతలోనే వచ్చేసి ఉంటుంది కాబట్టి అక్షరాల అంచులు కరిగినట్టుంటాయి. ఉలిముద్ర కొట్టిన అక్షరం అలా ఉండదు, అడుగు చదునుగా, అంచు పదునుగా ఉంటుంది. డెన్మార్క్‌లో బ్రూన్ రాస్ముసెన్, స్వీడన్‌లో బుకోవ్‌స్కీస్ వేలం సంస్థలు పాత అమ్మకాల ఫొటోలు, పలికిన ధరలు ఇంటర్నెట్‌లో ఉంచుతాయి. అక్కడ అదే బ్రూచ్ వెతికి, కొలతలూ, వెనక ముద్రించిన డిజైన్ నంబరూ పోల్చుకోండి. నంబరు ఒకటి, బొమ్మ ఇంకొకటి అయితే మాట్లాడకుండా తప్పుకోండి. ఫొటో పంపడానికి ఆయన నీళ్లు నమిలినా అంతే. సగం ధరకు లేడిపిల్ల దొరకలేదన్న టెన్షన్ అక్కర్లేదు, అవి చాలా తయారయ్యాయి, మళ్లీ వస్తాయి.

కొనసాగించమంటారా అని అడిగారు. తప్పకుండా కొనసాగించండి, కానీ దొరికిందల్లా కొనడం ఆపండి. పదకొండూ ఒకసారి మంచం మీద పరిచి చూసుకోండి. వాటిలో మీ చెయ్యి పదేపదే దేనివైపు వెళ్తుందో చూడండి. నార్వే ఆకుల మీదైతే ఆకులే. స్వీడన్ 1950, 60ల నున్నటి పనైతే అదే. యుద్ధం తర్వాత వచ్చిన ఆ తరం చాలా పెద్దది. డెన్మార్క్‌లో హెన్నింగ్ కోపెల్ కరిగి పారుతున్నట్టుండే ఆకారాలు చేశాడు. స్వీడన్ నుంచి వచ్చిన వివియానా టొరున్ మెడ చుట్టూ ఒక్క తీగ వంపుతో నగ పూర్తి చేసింది. వాళ్ల పేరున్నవి ఖరీదు. కానీ అదే కాలంలో చిన్న ఊళ్ల పనివాళ్లు చేసిన వాటిని పేరు తెలియదని జనం పక్కన పెట్టేస్తారు. మీ బడ్జెట్‌కు, మీ కంటికి పని అక్కడుంది. నా మాటగా చెబుతున్నాను, పేరున్న నాసిరకం కంటే పేరులేని మంచి పని మేలు. పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి. తిరిగి అమ్మాలంటే సమయం పడుతుంది, మన ఊళ్లో అయితే తూకం ధరే ఇస్తారు.

ప్రతిదానికీ ఒక చీటీ రాసి కవర్లో పెట్టండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, వెనక ఏముంది, అమ్మినావిడ చెప్పిన కబురు ఏదైనా ఉంటే అదీ. బిల్లులుంటే దాచండి. ఇండియాకు తెచ్చేటప్పుడు కస్టమ్స్ నిబంధనలు ఆ ప్రయాణానికి ముందే చూసుకోండి, ఎప్పటికప్పుడు మారుతుంటాయి.

ఇంకొకటి, వీటిని పెట్టుకోండి. బీరువాలో కంటే భుజం మీద బావుంటాయి. చీర కుచ్చెళ్లు పట్టి ఉంచడానికి ఈ పాత పిన్నులు గట్టిగా సరిపోతాయి. అయితే అవి కోటు గుడ్డ కోసం చేసినవి, పిన్ను లావు. పట్టుచీరకు నేరుగా గుచ్చితే రంధ్రం పడి పోగు లాగుతుంది. జాకెట్టు భుజం లోపల రెండంగుళాల నూలుగుడ్డ ముక్క కుట్టి, బరువు దాని మీద పడేలా గుచ్చండి. వంపు కొక్కెం ఉన్నవాటికి పిన్ను కొసకు చిన్న రబ్బరు బిరడా తగిలించి, ఇంటికి రాగానే తీసేయండి. మొదట ఎమ్ 9ని ఒక నేత కాటన్ చీర మీద పెట్టి చూడండి. వీడియో కాల్‌లో అత్తయ్యగారికి ముందువైపు చూపించాక, వెనక్కి తిప్పి ఆ అక్షరం కూడా చూపించండి. ఆవిడ పుట్టింది 1951కీ 1974కీ మధ్య అయితే ఆ సంవత్సరానికీ 9 పక్కన ఒక అక్షరం ఉంటుంది. వచ్చే ఆదివారం సంతలో దాని కోసం వెతకండి.